పోపో గారి టీ విందు

“అయ్యగారూ, మీరు ఎలాగూ అటే వెళ్తున్నారు. ఒక్కసారి ఆ పిల్ల తాలూకు వాళ్ళను చూసి రండి. మీరు సరే అంటే సరే, కాదంటే కాదు.”

2018వ సంవత్సరం నవంబరులో నేను మనీలాలో కాపరుల శిక్షణ తరగతులకు బయలుదేరే ముందు ఆదివారం, ఆరాధన ముగిసి అందరూ వెళ్ళిపోయాక, మా సంఘంలోని ఒక తల్లి గుడి మెట్ల మీద నిలబడి నాతో అన్న మాటలివి. ఆమె భర్త చనిపోయి అప్పటికి పన్నెండేళ్ళు. మిరప కోతలకు, పత్తి తీతలకు వెళ్ళి ఒక్కగానొక్క కొడుకును చదివించుకున్నది. ఆ అబ్బాయి హాంకాంగ్‌లో ఓడ సరుకుల కంపెనీ ఒకదానిలో లెక్కలు రాసే ఉద్యోగం చేస్తున్నాడు. అదే ఆఫీసులో పనిచేసే చైనా అమ్మాయిని పెళ్ళి చేసుకుంటానని తల్లికి ఫోనులో చెప్పాడు. అమ్మాయి బాప్తిస్మం పొందిన విశ్వాసి. వాళ్ళ సంఘ కాపరి నాకు ఉత్తరం కూడా రాశారు. కాబట్టి ఆ విషయంలో తల్లికి దిగులు లేదు. ఆమె దిగులు వేరు.

“వాళ్ళు పాములు, కప్పలు తింటారటగా అయ్యగారూ? రేపు నేను మంచాన పడితే ఆ పిల్ల నాకేం వండి పెడుతుంది?”

నవ్వు వచ్చింది గాని నవ్వలేదు. ఒంటరి తల్లికి అది నవ్వులాట మాట కాదు. పైగా ఆ ప్రశ్నకు నా దగ్గర కూడా జవాబు లేదు.

మనీలాలో తరగతులు ముగించుకొని తిరుగు ప్రయాణంలో రెండు రోజులు హాంకాంగ్‌లో దిగాను. విమానాశ్రయానికి వచ్చిన అబ్బాయి దారిలోనే చెప్పాడు. “అయ్యగారూ, రేపు గురువారం పోపో మిమ్మల్ని టీకి పిలిచింది.” పోపో అంటే కాంటన్ ప్రాంతపు భాషలో అమ్మమ్మ. తల్లిదండ్రులు చిన్నప్పుడే విడిపోతే ఆ పిల్లను పెంచి పెద్ద చేసింది ఈ అమ్మమ్మే. అంటే నేను చూడవలసిన పెద్దదిక్కు ఆమె అన్నమాట.

టీకి అన్నారు గదా, ఒక కప్పు టీ, రెండు బిస్కెట్లు అనుకొని నేను పొద్దున్నే గదిలో రొట్టె తిని బయలుదేరాను. అది నా మొదటి పొరపాటు. అక్కడ ‘యమ్ చా’ అంటే మాటకు అర్థం టీ తాగడమే గాని, పనికి అర్థం కుటుంబమంతా ఒక బల్ల చుట్టూ కూర్చొని రెండు మూడు గంటలు తినడం. టీతో పాటు వచ్చే చిన్న చిన్న వంటకాలను డిమ్ సమ్ అంటారు. ఆ మాటకు గుండెను తాకేది అని అర్థం చెబుతారు.

ఇంకో సంగతి ఉన్నది. ఆ గురువారం చైనా చాంద్రమానం ప్రకారం నెలలో పదిహేనవ రోజు. మన ఊళ్ళలో మర్నాడు కార్తీక పున్నమి. పోపో బౌద్ధురాలు. ప్రతి నెల మొదటి రోజున, పదిహేనవ రోజున మాంసం, చేప ముట్టదు. అక్కడి పెద్దవాళ్ళలో చాలామంది ఈ నియమం పాటిస్తారు. మామూలు టీ హౌసులో ఏ పళ్ళెం చూసినా రొయ్యో పంది మాంసమో ఉంటుంది. అందుకని శాకాహారం మాత్రమే వడ్డించే చోటు చూసి పిలిచింది.

బౌద్ధ నియమం అనేసరికి నా మనసు కొంచెం వెనక్కి లాగింది. దాచడం ఎందుకు? విగ్రహం ముందు పెట్టి తెచ్చిన భోజనమా అని అబ్బాయిని రెండుసార్లు అడిగాను. “లేదు అయ్యగారూ, అది మ్యూజియంలో ఉన్న హోటల్” అన్నాడు. కొరింథు సంఘానికి ఇదే తగవు గురించి పౌలు ఎంత ఓపికగా రాశాడో ఆ రాత్రి మళ్ళీ చదువుకొని పడుకున్నాను.

హాంకాంగ్ దీవి నడిబొడ్డున, ఆకాశాన్నంటే బ్యాంకు భవనాల మధ్య, కొండవాలున హాంకాంగ్ పార్కు అనే తోట ఉన్నది. ఒకప్పుడు అది బ్రిటిషు సైన్యపు బారకాసుల స్థలం. 1991లో తోటగా తెరిచారు. దాని పక్కన పోయే రోడ్డు పేరు కాటన్ ట్రీ డ్రైవ్. కాటన్ ట్రీ అంటే ఏమిటో అనుకున్నాను, తీరా చూస్తే మన బూరుగు చెట్టే! ఆ తోటలోనే ప్రభుత్వ వివాహ రిజిస్ట్రారు ఆఫీసు ఉన్నది. తెల్ల గౌనుల పెళ్ళికూతుళ్ళు చెట్ల కింద నిలబడి ఫోటోలు తీయించుకుంటున్నారు. మా అబ్బాయి అటు చూడనట్టు నడిచాడు.

తోటలో తెల్లటి స్తంభాలతో, వరండాలతో రెండంతస్తుల పాత బంగళా ఒకటి ఉన్నది. పేరు ఫ్లాగ్‌స్టాఫ్ హౌస్. 1846లో కట్టారు. 1978 దాకా హాంకాంగ్‌లోని బ్రిటిషు సేనాధిపతి నివాసం అదే. 1984 నుండి అందులో టీ పాత్రల మ్యూజియం నడుస్తున్నది. దాన్ని ఆనుకొని 1995లో కట్టిన గ్యాలరీ కింది అంతస్తులో, మేము వెళ్ళిననాడు, లాక్ చా అనే టీ హౌసు ఉన్నది.

సేనాధిపతి ఇంట్లో టీ పాత్రలు పెట్టడం కేవలం సౌకర్యం కోసమే కావచ్చు. కాని ఆ సేనాధిపతి అక్కడికి రావడానికి అసలు కారణాల్లో టీ ఒకటి. ఇంగ్లాండు ప్రజలు చైనా టీకి అలవాటు పడ్డారు. చైనావాళ్ళు దానికి బదులుగా వెండి అడిగారు. ఆ వెండి ఖర్చు తప్పించుకోవడానికి మన దేశంలో, బీహారు, మాళవ ప్రాంతాల్లో పండిన నల్లమందును చైనాకు చేరవేశారు. ఇళ్ళకు ఇళ్ళు ఆ మత్తులో కూలిపోతుంటే, 1839లో లిన్ జెషూ అనే అధికారి ఇరవై వేలకు పైగా నల్లమందు పెట్టెలను పట్టుకొని నాశనం చేయించాడు. దాని మీద యుద్ధం వచ్చింది. చైనా ఓడిపోయింది. 1842 నాంకింగ్ సంధితో హాంకాంగ్ దీవి బ్రిటిషు వారిదైపోయింది. ఆ యుద్ధంలో పోరాడిన పటాలాల్లో 37వ మద్రాసు పటాలం కూడా ఒకటి. మద్రాసు సైన్యంలో మన తెలుగువాళ్ళు ఉండేవారని మనకు తెలుసు. ఆ వరండాలో నిలబడి, మనవాళ్ళు ఇక్కడికి మొదట వచ్చింది చేతిలో తుపాకీతోనా అనుకుంటే మనసుకు కష్టమనిపించింది.

గ్యాలరీకి కె.ఎస్. లో అనే వ్యాపారి పేరు పెట్టారు. జీవితమంతా సేకరించిన యీషింగ్ ఎర్రమట్టి టీ పాత్రలను మ్యూజియానికి ఇచ్చింది ఆయనే. ఆయన కథ మన రైతు కుటుంబాలు వినదగినది. పాలు కొనలేని బీదవాళ్ళ పిల్లలకు బలమైన తిండి ఏమిటి అని ఆలోచించి, 1940లో సోయా చిక్కుడు పాలు తీసి సీసాల్లో నింపి సైకిళ్ళ మీద అమ్మించాడు. మొదటి రోజు అమ్ముడైనవి తొమ్మిది సీసాలు. వీటాసాయ్ అనే ఆ కంపెనీ తరువాత చాలా పెద్దదైంది. ఆయన పోగుచేసిన మట్టి ముంతలు మాత్రం పిడికిలిలో ఇమిడేంత చిన్నవి.

లోపల నల్లని కొయ్య బల్లలు, చెక్కుడు జాలీలు, గోడ వెంబడి టీ డబ్బాలు. రేడియో మోత లేదు. పోపో అప్పటికే వచ్చి కూర్చొని ఉన్నది. మా అమ్మ అంత ఎత్తు, అదే వంగిన నడుము. చేతులు చూడగానే పని చేసిన చేతులని తెలిసిపోయింది. పదహారేళ్ళ వయసులో కాంటన్ దగ్గరి పల్లె నుండి హాంకాంగ్‌కు వచ్చి, ప్లాస్టిక్ పూలు చేసే ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళు పనిచేసిందట. ఆమె మాటలను మనవరాలు ఇంగ్లీషులో చెప్పేది. నేను తడబడిన చోట అబ్బాయి తెలుగులో అందుకునేవాడు.

మొదట టీ వచ్చింది. మన టీ కాదు. పాలు లేవు, పంచదార లేదు, మరిగించడం లేదు. పూఅర్ అనే ఆకు. చైనాలోని యునాన్ రాష్ట్రంలో పండుతుంది. పిడకలాగా గుండ్రంగా నొక్కి ఏళ్ళ తరబడి నిల్వ ఉంచుతారు. పరిచారిక చిన్న కుండలో ఆకు వేసి, వేడినీళ్ళు పోసి, ఆ మొదటి నీళ్ళను పారబోసింది. అయ్యో అనుకున్నాను. అది ఆకును కడగడమట. రెండవసారి పోసిన నీళ్ళను కొద్ది క్షణాలకే చిన్న గిన్నెల్లోకి వంచింది. అదే ఆకు మీద మళ్ళీ నీళ్ళు, మళ్ళీ టీ. మేము ఉన్నంతసేపూ అదే ఆకు, ఎన్నిసార్లు పోశారో లెక్కపెట్టలేదు. నోట పెట్టుకుంటే తొలకరి వానకు తడిసిన నేల వాసన. రెండు గుక్కల వరకు నచ్చలేదు. మూడవ గుక్కకు నచ్చింది.

మన భాషలో తేయాకు, తేనీరు అంటాం. తేనెకూ దానికీ చుట్టరికం ఉందనుకునేవాణ్ణి. అది కాదు. ఆ ఆకును చైనాలోని ఆమోయ్ రేవువాళ్ళు ‘తే’ అంటారు. ఆ మాటను డచ్చి వర్తకులు ఓడల్లో నలుదిక్కులా మోశారు. ఇంగ్లీషు వాళ్ళ టీ అదే, మన తేయాకులో ఉన్నదీ అదే. కాంటన్ వాళ్ళు ‘చా’ అంటారు. భూమార్గాన నడిచి వచ్చిన చాయ్‌కి మూలం కూడా ‘చా’యే. మన గుంటూరు టీకి, హైదరాబాదు చాయ్‌కి పుట్టిల్లు ఒకటే. ఈ మాట చెబితే పోపోకు భలే సంతోషం కలిగింది.

ఆ సంతోషంలో నేను రెండవ పొరపాటు చేశాను. పెద్దావిడకు నేనే పోద్దామని కుండ అందుకొని, మన పద్ధతిలో గిన్నె అంచుదాకా నింపాను. అమ్మాయి ముఖం మారింది. అక్కడ అంచుదాకా పోస్తే, ఇక తాగి వెళ్ళండి అన్నట్టట! పైగా వేడి గిన్నె పట్టుకుంటే వేళ్ళు కాలుతాయి. మనమేమో వెలితిగా పోస్తే పిసినారితనం అంటాం. పోపో ఏమీ అనలేదు. రెండు వేళ్ళు మడిచి బల్ల మీద మెల్లగా తట్టింది. అది కృతజ్ఞతట. చీయెన్‌లుంగ్ చక్రవర్తి మారువేషంలో తిరుగుతూ తన సేవకుడికి టీ పోశాడనీ, గుట్టు బయటపడకుండా అతడు వేళ్ళతోనే సాష్టాంగపడ్డాడనీ ఒక కథ చెప్పుకుంటారు. కథ నిజమో కాదో గాని, ఆ తట్టుడు ప్రతి బల్ల మీదా వినిపిస్తూనే ఉన్నది.

తరువాత వెదురు బుట్టలు వచ్చాయి, ఒకదాని మీద ఒకటి, పొగలు కక్కుతూ. మన ఆవిరి కుడుము, ఇడ్లీ తెలిసినవాళ్ళకు ఇది కొత్త విద్య కాదు. మూత తీయగానే నాకు మా ఇంటి వంటిల్లు గుర్తుకొచ్చింది. కాని ఆ చేతిపని వేరు. గోధుమ పిండి నుండి తీసిన గంజిపొడితో చేసిన పలుచని పొరలో పుట్టగొడుగులు, క్యారెట్టు ముక్కలు పెట్టి మడతలు మడతలుగా మూసిన పొట్లాలు. లోపలి కూర రంగు బయటికి కనిపిస్తుంది. బియ్యపు పిండిని గుడ్డంత పలుచగా ఆవిరి మీద ఉడికించి చుట్టిన చుట్టలు. ముల్లంగి తురుము, బియ్యపు పిండి కలిపి ఉడికించి, ముక్కలు కోసి పెనం మీద ఎర్రగా కాల్చిన బిళ్ళలు. సోయా పాలు కాచినప్పుడు పైన కట్టే మీగడను ఎండబెట్టి, దానిలో కూరలు చుట్టినవి. దీన్ని కొరికినప్పుడు నేను ఆగి, ఇది మాంసమేమో అని అబ్బాయి వైపు చూశాను. కాదట. బౌద్ధ మఠాల వంటవాళ్ళు వందల ఏళ్ళుగా నేర్చిన పని అది. వాళ్ళ నియమంలో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. మరి ఆ రుచి ఎక్కడిదంటే ఎండు పుట్టగొడుగులు, నువ్వుల నూనె, అల్లం, సోయా పులుసు. కారం మాత్రం మన నాలుకకు చాలదు. అది ఒప్పుకోవాలి.

తినబోయే ముందు నేను అలవాటుగా కళ్ళు మూసుకొని మనసులో ప్రార్థన చేసుకున్నాను. కళ్ళు తెరిచేసరికి పోపో చేతిలోని పుల్లలు గాలిలో ఆగి ఉన్నాయి. నేను ముగించేదాకా ఆమె తినలేదు.

కాసేపటికి ఆమె తన దిగులు బయటపెట్టింది. “మీ దేశంలో అన్నం చేత్తో తింటారటగా? మా పిల్ల వేళ్ళు కాలవా?” నాకు మా ఊరి గుడి మెట్లు గుర్తుకొచ్చాయి. అప్పుడే తామరాకులో కట్టి ఉడికించిన జిగురు బియ్యపు అన్నం వచ్చింది. ఆకు విప్పితే మన తామరాకు భోజనం వాసనే. చేతులు కడుక్కొని వచ్చి, అందరి ముందూ ముద్ద చేసి తిని చూపించాను. వేడి ఎంత ఉందో నోటికన్నా ముందు వేళ్ళకు తెలుస్తుంది, అందుకని మా నోరు కాలదు అన్నాను. పోపో నవ్వి, తానూ రెండు వేళ్ళతో ప్రయత్నించింది. ఆ అన్నం అంటుకొని విడవలేదు. పక్క బల్లవాళ్ళు కూడా నవ్వారు.

నవ్వు తగ్గాక ఆమె అసలు మాట అడిగింది. వాళ్ళ పెళ్ళిళ్ళలో వధూవరులు మోకరించి, పెద్దలకు ఒక్కొక్కరికే రెండు చేతులా టీ అందిస్తారు. ఆ కప్పు తీసుకొని తాగితేనే పెద్దలు ఆ సంబంధాన్ని ఒప్పుకున్నట్టు. “మీ అబ్బాయి నాకు టీ ఇస్తాడా? లేక మీ మతం ఒప్పుకోదా?”

బల్ల మీద ఎవరూ మాట్లాడలేదు. అబ్బాయి నా వైపు చూడలేదు. మనుష్యుల ముందు మోకరించకూడదని నేను వాళ్ళ ఊరి వేదిక మీద ఎన్నిసార్లు చెప్పానో అతనికి తెలుసు. నేను ఆమెను అడిగాను, ఇంట్లో పితరుల పటాల ముందు కూడా చెయ్యాలా అని. అమ్మాయి తర్జుమా చేయడానికి కాస్త జంకింది. పోపో మాత్రం జంకలేదు. “పటాలకు వద్దు. ఈ పిల్ల బాప్తిస్మం తీసుకున్ననాడే అగరుబత్తి పట్టుకోనన్నది. ఏడాది పాటు దానితో మాట్లాడలేదు. తరువాత మాట్లాడాను. నేను అడుగుతున్నది నాకు. బ్రతికి ఉన్నదానికి.”

ఆమె ఏడాది మాట్లాడని మనవరాలు పక్కనే కూర్చొని అమ్మమ్మ గిన్నెలో టీ పోస్తున్నది, అంచుకు వేలెడు తక్కువగా. పెంచిన అమ్మమ్మ చేతికి కప్పు అందివ్వడానికి వంగితే అది ఆరాధన కాదని నాకు తోచింది. ఇస్తాడు అని చెప్పాను. మోకరించే ఇస్తాడు అని కూడా చెప్పాను. ఇది చదివి కొందరు పెద్దలు నాకు ఉత్తరాలు రాస్తారని తెలుసు. రాయండి, తప్పక చదువుతాను.

పోపో బల్ల మీద వేళ్ళు తట్టింది. నేనేమీ పోయలేదు.

చివర నువ్వులు అద్దిన ఉండలు వచ్చాయి, వేడి వేడిగా. జిగురు బియ్యపు పిండి పూత, లోపల ఎర్ర చిక్కుడు గింజల తీపి ముద్ద, నూనెలో దేవినవి. పూర్ణం బూరెకు నువ్వులు అద్దితే ఎలా ఉంటుందో అంతే. రెండు తిన్నాను. మూడవది ఆమె పెట్టింది.

ఊరికి వచ్చాక ఆ తల్లికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పాము సూపు అమ్మే పాత దుకాణాలు ఆ ఊళ్ళో ఉన్న మాట నిజమేననీ, మనవాళ్ళు నత్తలు తినడం చూస్తే వాళ్ళూ ముక్కు మూసుకుంటారేమోననీ చెప్పాను. ముల్లంగి బిళ్ళల సంగతి, బూరెల సంగతి చెప్పాను. ఆమె అంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేసింది. “ఆ పిల్ల వాళ్ళమ్మమ్మకు ఎలా పోసింది?” వేలెడు తక్కువగా, రెండు చేతులతో, అందరికన్నా ముందు అన్నాను.

2019 మే నెలలో మా గుడిలోనే పెళ్ళి జరిగింది. పోపో అంత దూరం రాలేకపోయింది. అంతకు ముందే హాంకాంగ్‌లో అబ్బాయి ఆమెకు టీ ఇచ్చి వచ్చాడు. ఇక్కడ ఇవ్వడానికి ఆమె పిడక టీ ఒకటి కాగితంలో చుట్టి పంపింది. పెళ్ళి మర్నాడు వేపచెట్టు కింద మంచం మీద అత్తగారిని కూర్చోబెట్టి, ఆ అమ్మాయి మోకరించి స్టీలు గ్లాసులో టీ అందించింది. ఊరంతా చూస్తున్నది. ఆ తల్లి రెండు చేతులా తీసుకొని, కొంగుతో కళ్ళు తుడుచుకొని, ఒక గుక్క తాగింది. మింగింది. కోడలి తల మీద చెయ్యి పెట్టింది.

తరువాత నా వైపు వంగి చిన్నగా అడిగింది. “ఇందులో పాలు పొయ్యలేదేంటి అయ్యగారూ, నిండుకున్నాయా?”